మట్టి మెత్తిన తలుపు

కుందేలు తన బొరియకి ఏదుపంది చేత తలుపు కట్టించుకుంది. ఏదుపంది పుల్లలతో తలుపు కట్టి, పైన నున్నగా మట్టి మెత్తింది. "ఈ మట్టిని కదిలించి చూడొద్దు. లోపలి కట్టు నాకొక్కదానికే తెలియాలి" అని చెప్పి వెళ్ళిపోయింది.

పక్క బొరియలో పందికొక్కు తన గడ్డితలుపుకి మట్టి మెత్తలేదు. దారిన పోయే ఉడతలు, పిచికలు దాన్ని కెలికి చూసేవి. సందు చూపించినవాళ్ళకి పందికొక్కు ఒక వేరుశనక్కాయ ఇచ్చి, అప్పటికప్పుడు అక్కడ గడ్డి కూరేది.

"నీ తలుపు గుట్టు అడివంతటికీ తెలుసు వదినా, జెర్రిపోతుక్కూడా" అంది కుందేలు.

"తెలియనీ. దానికంటే ముందు ఉడతకి తెలుస్తోంది, చాలు."

వానలు వెలిశాక జెర్రిపోతు వచ్చింది. గడ్డితలుపంతా తడిమినా దూరే సందు దొరకలేదు. అక్కణ్ణించి కుందేలు బొరియకి పోయి తలుపుని మూతితో పొడిచింది. మట్టిపెళ్ళ ఊడిపడింది. లోపలి పుల్లల్ని చెదలు ఎప్పుడో తినేశాయి.

కుందేలు పిల్లల్ని లాక్కుని వెనక దారిన పందికొక్కు ఇంట్లో వచ్చి పడింది. పిల్లల్లో ఒకటి లేదు.

"చెదలు పట్టినట్టు చూసుకోలేదా?" అంది పందికొక్కు.

"కదిలించి చూడొద్దని ఏదుపంది నాకు చెప్పింది వదినా" అంది కుందేలు. "జెర్రిపోతుకి చెప్పలేదు."