డెలోరిస్ జీర

"ఎవరి దగ్గర నేర్చుకున్నారు అది?"

డెలోరిస్ ప్రూయిట్ అలా అడిగేసరికి చర్చి కింది హాల్లో పియానో ఆగిపోయింది.

తెలుసుకుందామని అడగలేదామె. ఒళ్లు మండి అడిగింది.

వచ్చే ఆదివారం మెంఫిస్‌లో ఆమెకు సన్మానం. "నీ పళ్లెం పొయ్యి మీదే ఉంది, ఇంటికి రా" అన్న పాట పాడాలి. ఆ ఊళ్లో పెళ్లయినా చావైనా ఆ పాట లేకుండా జరగదు. "ఇంటికి రా" అన్నచోట గొంతు సన్నగా చిట్లి ఒక జీర పలుకుతుంది. డెలోరిస్‌కు పేరు తెచ్చింది, ఇల్లు కట్టించింది ఆ జీరే.

ఈమధ్య అది పలకడం లేదు. వెనక నిలబడి ఆ ఒక్కచోట గొంతు కలిపే మనిషి కోసమే ఈ వెతుకులాట. సంగతి డ్రమ్ములు వాయించే ముసలి క్లియోఫస్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

పాడి చూపించడానికి వచ్చినవాళ్లందరూ అయిపోయాక వచ్చింది ఈ పెద్దావిడ. నెత్తిన వాన టోపీ, చేతిలో సంచి. పేరు హ్యాటీ అని చెప్పి, నేరుగా డెలోరిస్ పాటే అందుకుంది. జీర దగ్గరికి వచ్చేసరికి వంటగదిలో చేపలు వేయిస్తున్న ఆడవాళ్లు కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఇంట్లోనే నేర్చుకున్నా తల్లీ," అంది హ్యాటీ.

"నా రికార్డు పెట్టుకుని."

హ్యాటీ సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"నన్ను కాపీ కొట్టినవాళ్లను చాలామందిని చూశాను. మరీ ఇంత అచ్చుగుద్దినట్టు దింపినవాళ్లను చూళ్లేదు. ఈ వయసులో ఇదేం పని? దేవుడు మీకంటూ ఒక గొంతు ఇవ్వలేదా?"

"అక్కా..." అని గొణిగింది పియానో ముందున్న యోలాండా.

హ్యాటీకి కోపం రాలేదు. దగ్గరికి వచ్చి, ఇంకెవరికీ వినపడకుండా అడిగింది.

"అక్కడ అందడం లేదు కదూ?"

ఎవరైనా విన్నారేమోనని డెలోరిస్ గుమ్మంవైపు చూసింది.

"మొన్న రేడియోలో విన్నాను. 'పొయ్యి మీదే' అన్నాక ఊపిరి తీసుకుంటున్నావు. అలా కాదు. 'నీ పళ్లెం' అనకముందే తీసేసుకుని చివరిదాకా లాగు. ఊపిరి చాలక గొంతు దానంతటదే చిట్లుతుంది."

"నా పాట నాకే నేర్పుతున్నారా? ఇక దయచేయండి."

"సరే తల్లీ. పాట నీదే," అని హ్యాటీ టోపీ సర్దుకుని, పక్కనున్న కమ్మీ పట్టుకుని మెట్లెక్కింది.

గుమ్మంలో ఆడవాళ్లు చప్పుడు చేయకుండా లోపలికి పోయారు.

"నేనన్నదాంట్లో తప్పేముంది?" అంది డెలోరిస్.

"తప్పని ఎవరన్నారక్కా," అంది యోలాండా, పియానో మీటలకేసి చూస్తూ. "ఎక్కలేక ఎక్కుతుంటే చెయ్యందిద్దామనుకున్నా. నువ్వేమంటావోనని భయమేసింది."

ఎవరో చేపలు, రొట్టె తెచ్చి పెట్టారు. డెలోరిస్ పళ్లెం పక్కకు నెట్టింది. అమ్మ బతికుంటే, పెద్దవాళ్లతో అలా మాట్లాడినందుకు మూతి మీద ఒక్కటిచ్చేది. దేనికంత నోరు పారేసుకుంది? ఆవిడ బాగా పాడినందుకా?

డెలోరిస్ లేచి గోడవైపు తిరిగింది. ముందే ఊపిరి తీసుకుని చివరిదాకా లాగింది.

జీర పలికింది.

సంతోషించాల్సింది పోయి సిగ్గుతో చచ్చిపోయింది. గబగబా మెట్లెక్కి వీధిలోకి వచ్చింది. వానలో క్లియోఫస్ ఒక్కడే ట్రక్కులోంచి డ్రమ్ములు దించుతున్నాడు.

"మిస్ హ్యాటీని ఏమన్నారు మీరంతా?" అన్నాడు.

"ఆవిడ నీకు తెలుసా అన్నా?"

"నేనే కాళ్లావేళ్లా పడి పిలిపించాను. ఇందాకే మేనల్లుడి కారెక్కి వెళ్లిపోయింది. 'నా గొంతు సరిపోలేదులే క్లియోఫస్' అంది. ఆవిడ గొంతు సరిపోకపోవడమేంటి?"

"సరిపోక కాదు. నన్ను కాపీ కొడుతోందని నేనే వెళ్లగొట్టాను."

క్లియోఫస్ చేతిలో ఉన్నదాన్ని కింద పెట్టేసి, ట్రక్కు అంచున కూలబడ్డాడు.

"ఇంకా ఆ పాట హెండ్లీయే రాశాడనుకుంటున్నావా?"

హెండ్లీ ఆ పాట రికార్డు చేసిన కంపెనీ ఓనరు. రికార్డు మీద రచయిత, ప్రొడ్యూసర్ అని ఉన్న పేరు ఆయనదే. స్టేజీ ఎక్కిన ప్రతిసారీ డెలోరిస్ చేతులెత్తి తలుచుకునేదీ ఆయన్నే.

"వాడికి ఈల వెయ్యడం కూడా రాదు. రాసింది ఆవిడ. ఎవరెక్కడ ఏం వాయించాలో నోటితో పాడి చూపించి, మా అందరి చేతా చేయించింది ఆవిడ. ఆడమనిషి చేసిందంటే రేడియోవాళ్లు వెయ్యరని వాడు తన పేరు పెట్టుకున్నాడు. పని పోతుందని మేం నోళ్లు మూసుకున్నాం. వాడు చచ్చాక చెబుదామంటే, ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటావని..." క్లియోఫస్ తల దించుకున్నాడు. "నా పాపం కూడా ఉందిలే ఇందులో."

"ఆవిడైనా నాతో ఒక్క మాట అనలేదే."

"నువ్వెప్పుడైనా అడిగావా వెర్రిదానా, హెడ్‌ఫోన్లలో పాడుతున్నది ఎవరని?"

డెలోరిస్ అడగలేదు. పాట రికార్డు చేసిన రోజు హెండ్లీ ఒక టేపు పెట్టి, ఇందులో ఉన్నట్టే పాడు, ఒక్క ముక్క మార్చకు అన్నాడు. చెవుల్లో ఎవరో ఆడమనిషి పాడుతోంది. పాట వచ్చేసింది కదా, ఎవరైతేనేం అనుకుంది.

పదిహేడేళ్ల డెలోరిస్ ఆ రోజంతా మళ్లీ మళ్లీ విని, ఊపిరితో సహా, జీరతో సహా అచ్చుగుద్దినట్టు దింపుకున్నది మిస్ హ్యాటీ గొంతునే.