వేలు పెట్టిన చోటు

కర్రకాలు మనిషి కంచె దగ్గర ఆగి మంచినీళ్లు అడిగాడు.

ఏసుదానం సున్నం కలుపుతున్నాడు. ఆ సాయంత్రం సమాధుల పండుగ. తల ఎత్తకుండానే కుండ వైపు చెయ్యి చూపించాడు.

భార్య సవరమ్మ పోయి మూడేళ్లు. ఆమె సమాధి పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగానే ఉంది.

"అది నీకు కాదు, మన గుంటడికి" అని మొగుడికి చెప్పి మరీ పోయింది.

ఒక్కగానొక్క కొడుకు మోసెస్. బంగ్లాదేశ్ యుద్ధానికి వెళ్లాడు. టెలిగ్రాం వచ్చింది, శవం రాలేదు.

"ఏసుదానం గారి ఇల్లు ఇదేనా?"

"ఏటి పని?"

"మోసెస్ నా కింద సిపాయిగా ఉండేవాడు."

సున్నం కలిపే కర్ర ఆగిపోయింది.

"ఆఫీసరువా?"

"అప్పుడు."

ఏసుదానం లేచాడు. కొట్టాల్సిన చోట్లు రెండున్నాయని పెదబయలు సిపాయి ఒకడు ఏనాడో చెప్పాడు. ఒకటి ఓడరేవు, ఒకటి వంతెన. ఓడరేవుకి వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చారు. మ్యాపు మీద ఎవరో వంతెన దగ్గర వేలు పెట్టారట. ఆ వేలు ఎవరిదో తెలియకుండా చావకూడదని ఏసుదానం పంతం.

"వంతెన మీద ఏలెట్టింది ఎవుడు?"

అతను గ్లాసు కింద పెట్టాడు.

"నేనే. ఓడరేవు రేపైనా దొరుకుతుంది, శత్రువులు వంతెన పేల్చేస్తే ఏరు దాటలేం అనుకున్నాను."

"అనుకున్నావు! ఏలు నీది, పేణం నా గుంటడిదా? నీ కాలు ఏ లారీ కిందెట్టినావు, తాగీసి?"

అతను భుజం సంచిలో చెయ్యి పెట్టాడు.

"పెద్దాయనా, మీకోసం ఒకటి..."

"నడు! ఈ సున్నం కళ్లల్లో కొట్టీగలను."

ఏసుదానం విసురుగా లోపలికి పోయాడు. బయటికొచ్చేసరికి మనిషి లేడు. గడప మీద పిడికెడంత ఎర్రగుడ్డ మూట ఉంది.

చిల్లంగి!

మెడలో సిలువ ఉన్నా కొండవాడి భయం కొండవాడిదే. గడపలో ఎర్రమూట పెట్టారంటే ఇంటికి చేతబడి చేసినట్టే. విప్పి చూడలేదు. కర్రతో ఎత్తి తీసుకెళ్లి గెడ్డలో పడేశాడు. నీళ్లు దాన్ని తిప్పుకుంటూ పట్టుకుపోయాయి. మూడుసార్లు ఉమ్మాడు.

పొద్దువాలుతుండగా కొవ్వొత్తుల కోసం రోడ్డు మీద సోములమ్మ టీ కొట్టుకి వెళ్లాడు.

"ఆ బాబు ఇప్పుడే బస్సెక్కీసినాడు మావా. మన్ను ఇచ్చినాడా?"

"ఏటి మన్ను?"

"మోసెస్‌ని కప్పెట్టిన కాడి మన్ను. ఎర్రగుడ్డలో కట్టి తెచ్చినాడు. అత్త పక్కన సోటు ఖాళీగుందని నానే సెప్పినాను. కళ్లొత్తుకున్నాడు పాపం."

గెడ్డ చప్పుడు అక్కడిదాకా వినిపిస్తోంది.

"కాలేటైంది బాబూ అని అడిగినాను. వంతెన కాడ గుంటడు పడిపోతే, తుపాకులు పేలతన్నా తిరిగెల్లి బుజానేసుకొచ్చినాడట. అప్పుడు పోనాదట ఆ కాలు."

సోములమ్మ కొవ్వొత్తులు కాగితంలో చుట్టి చేతికిచ్చింది.

"గుంటడు ఊరుగాని ఊర్లో ఒక్కడే ఉండకూడదని, ఆ కాలుని ఆడి పక్కనే, అదే గోతిలో కప్పెట్టించినాడట మావా."