కలక తగ్గిన రోజు

పొద్దున్న లేచేసరికి రాజేంద్రప్రసాద్ కళ్ళు తెరుచుకోలేదు.

ఊరంతా కళ్ళకలక. ఆయనకీ అంటుకుంది. ఎవరో చెప్పారని తుమ్మికూర పసరు కళ్ళలో పిండుకున్నాడు. రెప్పలు బూరెల్లా పొంగి అతుక్కుపోయాయి.

భార్య విజయదుర్గ ఉంటే, అడక్కుండానే నందివర్ధనం పూలు కోసుకొచ్చి కళ్ళ మీద పెట్టేది. ఆవిడ పోయి ఏడాది. ఇంట్లో ఇంకో మనిషి లేడు. ఆయన ఉండనివ్వలేదు కూడా.

పక్కింటి అచ్చాయమ్మ దడి అవతల నుంచి కేకేసింది.

"అన్నయ్యగారూ, అలా గోడలు తడుముకుంటూ ఎన్నాళ్ళుంటారండీ? ఓ పిల్లని పంపిస్తాను. కళ్ళకి మందేసి, ఇంత ముద్ద వండి పెడుతుంది."

"ఎవరి పిల్ల?"

"నాకు తెలిసిన పిల్లేనండి. చిట్టి అంటారు."

మధ్యాహ్నానికి చిట్టి వచ్చింది. రాజేంద్రప్రసాద్ వరకూ వచ్చింది ఒక గొంతు, రెండు చల్లటి చేతులు. అంతే.

"ఏంటది?"

"అమలాపురం కళ్ళ డాక్టరుగారు రాసిన చుక్కలండి."

"మా అమ్మ కాలంలో చుక్కలున్నాయా? పూలు పెట్టు, చాలు."

"పూలు పైన పెడతానండి. చుక్కలు లోపలేస్తాను. రెండిటికీ దెబ్బలాట లేదు కదండీ."

ఆయనకి నవ్వొచ్చింది. భార్య పోయాక ఆ ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదలు.

కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి రెప్పలు తుడిచేది. చుక్కలు వేసేది. పూలు పెట్టి పైన తడిగుడ్డ కట్టేది. వెంటనే పెరట్లో కుళాయి తిప్పి, సబ్బుతో చేతులు కడుక్కునేది.

"నన్ను ముట్టుకుంటే మైలా ఏంటి? అంతలా తోముతున్నావు?"

"నాకూ అంటుకుంటే మీకు చుక్కలెవరేస్తారండీ?"

గేటు చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చోవడం రాజేంద్రప్రసాద్‌కి అలవాటయింది.

ఓ సాయంత్రం గుడ్డ విప్పుతూ అడిగింది.

"మీకు పిల్లలు లేరాండీ?"

"ఒక్కడు. తాటిపాకలో ఉద్యోగమని వెళ్ళి, అక్కడే ఓ పిల్లని కట్టుకున్నాడు. చర్చికెళ్ళే పిల్ల. నా కంటికి కనపడకు అని ఆ పిల్లకీ కబురెట్టాను."

"మనిషిని చూసేరాండీ?"

"చూడను. మా ఆవిడ పోయిన రోజు గేటు దాకా వచ్చిందంట, ఆఖరి చూపుకని. గేటు తియ్యనివ్వలేదు. నేను తల తిప్పి చూడను కూడా లేదు."

ఆ మాట ఆయన గొప్పగానే చెప్పాడు.

చిట్టి చెయ్యి ఆగింది. చుక్క చెంప మీద పడింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"ఏడుస్తున్నావా ఏంటి?"

"లేదండి. చెయ్యి కంట్లో తగిలిందండి."

ఆ పూట కుళాయి చప్పుడు వినపడలేదు.

మెల్లగా వాపు దిగింది. గుడ్డ కింద నుంచి వెలుగు తెలుస్తోంది.

"రేపు నేనే గుడ్డ తీసేస్తాను. మొదట నీ మొహమే చూడాలమ్మాయ్. తప్పకుండా రా."

చిట్టి గుడ్డ ముడి మళ్ళీ సరిచేసింది.

"నిజంగా చూస్తారాండీ?"

"చూడకేం? మా ఆవిడ పెట్టెలో బండారులంక నేత చీరుంది. మడత కూడా విప్పలేదు. నీకే."

"ఆయ్," అంది.

మర్నాడు రాజేంద్రప్రసాద్ తలంటుకున్నాడు. గడ్డం గీసుకున్నాడు. చీర ఒళ్ళో పెట్టుకుని వీధరుగు మీద కూర్చున్నాడు. కొబ్బరాకుల మీద మెరుస్తున్న ఎండ కూడా కంటికి హాయిగానే ఉంది.

గేటు చప్పుడైంది.

ఎవరో ఆడమనిషి. నల్ల కళ్ళజోడు. ఆయన్ని చూసి కళ్ళజోడు తీసింది. రెండు కళ్ళూ చింతనిప్పుల్లా ఉన్నాయి.

కలక కళ్ళలోకి చూస్తే కలక వస్తుందని చిన్నప్పటి నుంచీ ఆయన వింటున్న మాట. ఇప్పుడే తెరుచుకున్న కళ్ళు. చిట్టిని చూడకుండానే మళ్ళీ మూసుకుపోతాయా?

చీరతో మొహం కప్పుకున్నాడు.

"ఆగక్కడ! ఆ కళ్ళేసుకుని ఇంటింటికీ తిరుగుతున్నావా? బుద్ధుందా?"

ఆవిడ ఏదో చెప్పబోయింది.

"నోరెత్తకు. పో! నా కంటికి కనపడకు!"

గేటు మెల్లగా మూసుకుంది.

చీర తీసి చూశాడు. గేటు దిమ్మ మీద చేమాకు పొట్లం ఒకటి. దాన్ని కూడా చేత్తో ముట్టుకోకుండా, కర్రతో ముందున్న బోదె కాలవలోకి తోసేశాడు. పొట్లం విడిపోయింది. నందివర్ధనం పూలు నీళ్ళ మీద తేలుతూ వెళ్ళిపోయాయి.

కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

అచ్చాయమ్మ వగరుస్తూ వచ్చింది.

"ఏమన్నారండీ ఆ పిల్లని?"

"ఏ పిల్లని?"

"చిట్టినండీ! మీ కళ్ళు తుడిచి తుడిచి తనకి అంటించుకుంది. ఇవాళ వద్దే, తగ్గేక వెళ్ళు అన్నాను. వింటేగా? 'మొహం చూస్తానన్నారు పిన్నిగారూ' అని పరిగెత్తుకొచ్చింది. ఇప్పుడేమో 'నన్ను ఆనవాలు పట్టేసేరు, ఇంక ఈ గుమ్మం తొక్కను' అని ఏడుస్తా ఆటో ఎక్కేసింది."

రాజేంద్రప్రసాద్ చేతిలోంచి కర్ర జారింది.

"ఆనవాలేంటి? ఆ పిల్ల మొహం నేనెప్పుడు చూశాను?"

అచ్చాయమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇల్లెక్కడో చెప్పు. నేనే వెళ్ళి తీసుకొస్తాను. ఎక్కడుంటుంది?"

"తాటిపాకలోనండి," అంది అచ్చాయమ్మ. "మీ అబ్బాయింట్లో."