చింపులక్క

యంత్రం దవడలు మెల్లగా ఎడమయ్యాయి. మధ్యనున్న గుడ్డ ముక్క బిగిసి, వణికి, చివరికి పర్రుమని చిరిగింది. తెర మీద అంకె చూసి చింపులక్క పెదవి కొరుక్కుంది.

"ఇదీ పోయింది," అంది తనలో తను.

ఆవిణ్ని అసలు పేరుతో ఫ్యాక్టరీలో ఇప్పుడెవరూ పిలవరు. పొద్దస్తమానం గుడ్డలు చింపడమే ఉద్యోగం కాబట్టి చింపులక్క అయి కూర్చుంది. "కొత్త చొక్కా వేసుకుని ఆ గదిలోకి వెళ్లకండ్రోయ్, అక్క చెయ్యి ఊరుకోదు" అని ప్యాకింగు వాళ్లు ఆటపట్టిస్తారు. ఇదివరకైతే ఏ చిన్న మాటకైనా నవ్వేది. తమ్ముడు పోయాక ఆ నవ్వూ పోయింది.

అక్కడ తయారయ్యేది మగ్గం మీద నేసిన గుడ్డ కాదు. సన్నటి పోగుల్ని పరిచి, వేడితో అదిమి, పైన పల్చటి ప్లాస్టిక్ పొర అతికిస్తారు. తడి దిగదు. వాడి పారేయొచ్చు. ఆసుపత్రి పడకలకు దుప్పట్లుగా వెళ్తుంది. ప్రతి చుట్ట నుంచీ ఒక ముక్క కోసి, మధ్యలో కత్తెరతో గాటు పెట్టి, రెండు పాయల్నీ రెండు దవడల్లో బిగించి లాగించడం చింపులక్క పని. ఎంత బలానికి చిరిగిందో యంత్రం చెబుతుంది. ఆవిడ ముద్ర వేస్తేనే సరుకు గేటు దాటుతుంది.

లారీకి సరుకెత్తేశారు. ముద్ర మాత్రం పడలేదు.

మేనేజరు రుమాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమ్మా, ఇంకా అవలేదా? ఆసుపత్రి నుంచి ఫోను మీద ఫోను. పడకల మీద పరచడానికి ఏమీ లేదట."

"అంకె కుదరట్లేదు సార్. నిలువునా చించా, అడ్డంగా చించా. ఎలా చించినా ఇదే గొడవ."

ఆయన తెర వైపు వంగి చూశాడు. "ఓస్, ఇంతేనా! ఈ మాత్రం తేడాకా లారీని ఆపేశారు? కొత్త పొర వేశాం కదమ్మా, కాస్త అటూ ఇటూ అవదూ?"

"పాత పొరే నయం సార్."

"భలేవారే! ఏరికోరి తెప్పించిన పొర అది. ఇంత మంచి గుడ్డ మన దగ్గర ఎప్పుడైనా దిగిందా?"

"వేరే వార్డులకైతే పంపుకోండి. ఆ వార్డుకి మాత్రం వద్దు."

"ఆర్డరిచ్చిందే ఆ వార్డు కదమ్మా!"

మేనేజరు చెడ్డవాడేం కాదు. కాకపోతే పైవాళ్ల దగ్గర రోజూ మొట్టికాయలు తినే మనిషి. ఆ చిరాకులో నోరు జారాడు.

"ఈ మాత్రానికే ప్రాణాలు పోతాయా ఏంటి?"

చింపులక్క తలెత్తి చూసింది. "పోతాయి సార్."

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. ముఖం చిన్నబోయింది. "సరే, పైవాళ్లకి ఏదో ఒకటి చెబుతా. రేపు మీ ఉద్యోగం ఊడితే నన్ననకండి," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆవిడ ముద్రను తీసి అన్నం సంచిలో వేసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఉద్యోగం పోతే ఎలా అన్న భయం లేకపోలేదు. ఇల్లు గడిచేది ఆ జీతం మీదే.

అమ్మ పోయాక తమ్ముణ్ని ఆవిడే పెంచింది. వట్టి అల్లరి వెధవ. అక్కకు అన్నం డబ్బా తెచ్చిన ప్రతిసారీ గేటు దగ్గర కాపలావాణ్ని కూడా నవ్వించి పోయేవాడు. అలాంటివాడు పోయినేడు ఎందుకో మాటలు తగ్గించేశాడు. తిండి మానేశాడు. చిక్కి సగమయ్యాడు. పీకల మీదికి తెచ్చుకోకూడదని ఆసుపత్రిలో ఆ వార్డులో చేర్పించిందీ ఆవిడే. "నువ్వెళ్లక్కా, నేను బాగానే ఉన్నా," అన్నాడు దుప్పటి మెడదాకా లాక్కుని. అదే ఆఖరి మాట. మర్నాడు పొద్దున్నే కబురొచ్చింది.

ఆ దుప్పటి ఈ ఫ్యాక్టరీదే. అంచున కంపెనీ గుర్తు చూసి పోల్చుకుంది. అప్పట్లో గుడ్డను చించి చూసే దిక్కే లేదు. ఆవిడ ప్యాకింగులో దుప్పట్లు మడతపెట్టేది. వాడికిచ్చినది తను మడిచినదేనేమో అని ఇప్పటికీ కుమిలిపోతుంది. మళ్లీ పనిలోకి వచ్చాక, వెంటపడి మరీ ఈ యంత్రాన్ని తెప్పించింది. ఈ గదిని అడిగి తీసుకుంది.

తలుపు చప్పుడైంది. లారీ డ్రైవరు. కుర్రవాడు, ఈ మధ్యే చేరాడు. గొడవ పడదామనే బయల్దేరినట్టున్నాడు, గుమ్మంలోకి వచ్చేసరికి మెత్తబడ్డాడు.

"అక్కా, సరుకు దింపేయమన్నారు మేనేజరు గారు. పైవాళ్లు రేపు నిన్ను ఆఫీసుకి రమ్మన్నారట."

"రమ్మంటే వెళ్తా."

అతను కదల్లేదు. టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. "ప్యాకింగులో ఇప్పుడే చెప్పారక్కా, మీ తమ్ముడి సంగతి. మన దుప్పటి వల్లేనటగా."

ఆవిడ అవునన్నట్టు తలూపింది. కళ్లలో నీళ్లు ఆగలేదు.

"అయ్యో! ఎంత ఘోరం జరిగిందక్కా! ఇదేం తెలీక నేనింకా ఆలస్యం చేస్తున్నారని తిట్టుకుంటున్నా. మంచం మీంచి ఎత్తేటప్పుడు చిరిగిపోయిందా? కింద పడిపోయాడా?"

చింపులక్క చిరిగిన ముక్కను ఒళ్లో పెట్టుకుని, రెండు పాయల్నీ చేత్తో నిమిరింది.

"లేదు బాబూ, చిరిగి ఉంటే కింద పడి బతికేవాడు."