మళ్ళీ స్ట్రాపులు

“స్ట్రాపులు బిగించు, మొమీ.”

“బిగించను.”

“రెండు నిమిషాల పని.”

“అయితే నువ్వే చేసుకో.”

 కపోనో స్క్రూడ్రైవరును మళ్ళీ పెళ్ళాం వైపు చాచాడు. లెయిమొమి అందుకోలేదు. వారం రోజులుగా ఇదే గొడవ. హోటల్లో పక్కదుప్పట్లు మార్చీ మార్చీ ఆమె నడుం పట్టేసింది. ఇప్పుడిక అరవడానికి కూడా ఓపిక లేదు.

కారు షెడ్డులో రెండు బల్లల మధ్య, అలల మీద స్వారీ చేసే బోర్డు ఉంది. దాని అడుగున నిలువుగా ఒక కాడ, కాడ చివర విమానం రెక్కలాంటి రెక్క వేలాడుతున్నాయి. వేగం అందుకుందంటే రెక్క నీళ్ళలోనే ఉండి బోర్డును గాలిలోకి లేపుతుంది. కొన్నేళ్ళుగా కపోనో దాని మీద పాదాలు బిగించే స్ట్రాపులు లేకుండా, ఉత్తకాళ్ళతో నిలబడే అలల మీద ఎగురుతున్నాడు.

“స్ట్రాపులో కాలు ఇరుక్కుని చీలమండ విరిగినప్పుడు ఏమన్నావు? నేను నిన్ను నీళ్ళలోంచి లాగుతుంటే, ‘ఈ దరిద్రాలు మళ్ళీ నా కంటబడితే తగలబెడతా’ అన్నావా లేదా?”

“అన్నాను.”

“స్ట్రాపులు పెట్టుకున్న కుర్రాళ్ళని ఆపి మరీ పాఠాలు చెప్పావు. బోర్డు ఏం చేస్తోందో అరికాలికి తెలియాలి, కట్టేసుకుంటే ఏం తెలుస్తుందని.”

“చెప్పాను.”

“మరిప్పుడేమొచ్చింది?”

“గాలి ఎక్కువగా ఉంది. నీళ్ళు ఎగుడుదిగుడుగా ఉంటాయి. బోర్డు జారిపోతుంది.”

“పోయిన చలికాలం ఇంతకన్నా పెద్ద అలలొచ్చాయి. జారిందా?”

కపోనో వంగి బోర్డు మీది ఇసుక దులిపాడు.

“పోనీ మానెయ్యరాదూ? ఎవరు వెళ్ళమన్నారు నిన్ను?”

“ఒక్క అల మొమీ. ఒక్కటే.”

ఆ గొంతులో మొండితనం ఉంటే లెయిమొమి ఇంకో గంట పోట్లాడేదే. అది లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన దేనికీ ఇలా బతిమాలి ఎరగడు. ఆమె విసుగ్గా స్క్రూడ్రైవరు లాక్కుని, అటక మీది డబ్బాలోంచి స్ట్రాపులు తీసి, దుమ్ము దులిపి, తన చేత్తోనే బిగించింది. కాళ్ళు తేలిగ్గా ఊడొచ్చేలా కాస్త వదులుగా బిగించబోతే, “ఇంకా గట్టిగా” అన్నాడు కపోనో.

“కాలు విరిగితే ఈసారి నేను మోయను.”

“మోయొద్దులే.”

మర్నాడు తెల్లవారుజామున మాలికో రేవులో, కపోనోని అలల మీదికి లాగే జెట్‌స్కీని నీళ్ళలోకి దింపుతుంటే లోపాక ఎదురొచ్చాడు. చిన్నప్పటి నుంచి కపోనోతో కలిసి అలలెక్కినవాడు. బోర్డు చూసి పెద్దగా నవ్వాడు.

“ఏం బావా! బోర్డుకి జీను కట్టావే? కింద పడతానని భయమా?”

మామూలుగా అయితే కపోనో ఒకటికి పది అంటించేవాడు. ఈ రోజు ఊరికే నవ్వి, నేల వంక చూసుకుంటూ నీళ్ళలోకి నడిచాడు. లెయిమొమికి ఒళ్ళు మండింది.

“నీ నోటికి కట్టుకో ముందు ఒక స్ట్రాపు!” అంది.

రేవు దాటి, అలలు లేచే దిబ్బ దగ్గరికి వెళ్ళేసరికి బాగా తెల్లవారింది. కపోనో జెట్‌స్కీకి కట్టిన తాడు పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. వంగి, చూసుకుంటూ, కాళ్ళు స్ట్రాపుల్లోకి దూర్చుకున్నాడు. మొదటి వరస అలలు వచ్చాయి. వద్దని తలూపాడు. రెండో వరసా వదిలేశాడు. జెట్‌స్కీని తిప్పీ తిప్పీ లెయిమొమి భుజాలు లాగేస్తున్నాయి. వద్దనుకుంటాడేమో, ఇంటికి పోయి కాసేపు పడుకోవచ్చనుకుంది.

అప్పుడు చెయ్యెత్తాడు.

ఆమె జెట్‌స్కీని ఒక్కసారిగా ఉరికించింది. వెనక బోర్డు నీళ్ళు విడిచి లేచింది. కపోనో తాడు వదిలేశాడు. అల ఆయన్ని అవతలికి తీసుకుపోయింది. ఆమెకిక అల వీపు తప్ప ఏమీ కనబడలేదు. పడితే ఆ కాళ్ళు ఊడిరావు. తనే బిగించింది. పిచ్చిదానిలా అల వెంట జెట్‌స్కీని పరుగెత్తించింది.

అల చివర, లోతు నీళ్ళ దగ్గర, కపోనో నిలబడే బయటికొచ్చాడు. బోర్డు నీటికి జానెడు పైన నిశ్శబ్దంగా పోతోంది. చేతులు రెండూ చాచి ఉన్నాడు. అల సద్దుమణిగే దాకా అలాగే పోయి, మెల్లగా నీళ్ళ మీద వాలాడు.

ఆమె దగ్గరికి వెళ్ళేసరికి, ఒక్కొక్క కాలూ చేతులతో పట్టుకుని స్ట్రాపుల్లోంచి తీసుకుంటున్నాడు.

“చూశావా?”

“చూశాను. నా గుండె ఆగిపోయింది.”

“ఇక చాలు మొమీ. పద, ఇంటికి పోదాం.”

ఒక్క అలతో చాలన్న మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదామె. మళ్ళీ మనసు మార్చుకునేలోపు తీసుకుపోవాలని, చెయ్యందించి, జెట్‌స్కీ వెనక కట్టిన పరుపులాంటి తెప్ప మీదికి లాగింది. ఆయన వెల్లకిలా పడుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. ముఖంలో నవ్వు.

తెప్ప మీద ఎర్రగా ఏదో పారుతోంది.

స్ట్రాపు పక్కన బిగించిన రేకు అంచు బయటికి పొడుచుకొచ్చి, పాదం పైభాగాన్ని అడ్డంగా చీల్చేసింది. ఉప్పునీళ్ళు తగిలి గాయం నోరు తెరుచుకుంది.

“అయ్యో, నా చేతులు పడిపోను!” లెయిమొమి తన పైచొక్కా విప్పి ఆ పాదానికి చుట్టి, రెండు చేతులతో బలమంతా పెట్టి అదిమింది. ఆయన ఉలిక్కిపడలేదు. నవ్వూ చెదరలేదు. “లోపల తెల్లగా ఎముక కనబడింది కదయ్యా! ఇంత తెగితే అరవవేం?”

కపోనో ఆమె వైపు తల తిప్పాడు.

“ఏ కాలు?” అని అడిగాడు.