వెనక కారు

రేసు మధ్యలో ఏసు మళ్ళీ మాయమైపోయాడు.

"నేను పోవల్లన్నా. ఏమనుకోవద్దు," అన్న గొంతు హెడ్‌ఫోన్లో ఒక్కసారి వినబడింది. ఆ వెంటనే శరత్‌కుమార్ కారు వెనకున్న ఎర్ర కారు తెర మీద నుంచి తుడిచేసినట్టు పోయింది.

"యాడికి పోతావు ఏసూ? ఇంకా సగం చుట్లుండాయి."



శరత్‌కుమార్‌ది తిరువళ్ళూరు. కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు పని. వారమంతా తలుపులకు రబ్బరు పట్టీలు తొడిగిన చేతులు ఆదివారం సాయంత్రం మాత్రం స్టీరింగు పట్టుకుంటాయి. అదీ కంప్యూటరు ముందు బల్లకు బిగించిన స్టీరింగు. సొంత కారు కొనే యోగం ఇంకా పట్టలేదు.

ఎండాకాలంలో ఆన్‌లైన్ స్టాక్ కార్ లీగులో చేరాడు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే ట్రాకు చుట్టూ తిరిగే పందెం అది. ఒంటరిగా వచ్చేవాళ్ళను చేర్చుకోరు. ఇద్దరు జట్టుగా రావాలి. ముందు కారు గాలిని చీల్చుకుంటూ పోతుంటే, వెనక కారు దాన్ని ఆనుకుని నెడుతూ ఉంటుంది. నెట్టేవాడు లేకపోతే ముందువాడు ఎంత మొనగాడైనా వెనకబడాల్సిందే.

జట్టుకు మనిషి కావాలని లీగు గ్రూపులో అడిగితే ఏసు వచ్చాడు. కడంబత్తూరు అన్నాడు. రైలెక్కితే దిగేంత దూరమే. అయినా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది లేదు. తెలిసినదల్లా గొంతు. ఎప్పుడూ నిద్ర చాలనట్టుండే గొంతు.

"నువ్వేం పని చేస్తావు?" అని ఒకసారి అడిగాడు శరత్‌కుమార్.

"డ్రైవింగే అన్నా."

"దినమంతా అదే చేసి, ఇంటికొచ్చి మళ్ళీ అదేనా? అలుపు రాదా నీకు?"

"ఈడ గుద్దుకున్నా ఎవురూ సావరు కదన్నా."

శరత్‌కుమార్ నవ్వి ఊరుకున్నాడు.

ఏసుకు తాను గెలవాలన్న ఆశ ఉన్నట్టు లేదు. "నువ్వు పో అన్నా, నేను ఎనకాల ఉండా," అనేవాడు. ఉండేవాడు కూడా. కాకపోతే ఒక్కోసారి ఉన్నట్టుండి వెళ్ళిపోయేవాడు. అడిగితే "పనొచ్చిందన్నా" అనేవాడు. అంతకు మించి మాట రాలేదు, శరత్‌కుమార్ రాబట్టనూ లేదు. షిఫ్టు చేసి వచ్చిన మనిషికి ఇంకొకరి కథ వినే ఓపిక ఎక్కడిది.

ఇవాళ్టిది సీజన్లో ఆఖరి రేసు. గెలిస్తే పై లీగుకు పోవచ్చు.

"ఈ పొద్దు కూడా రేసు నడాన వదిలేసి పోతే, ఇంక నాతో మాట్లాడొద్దు," అని ముందే చెప్పాడు.

"లేదన్నా. పనికి ఇంకొకాయప్పను ఉండమని చెప్పినా. నీకోసరమే."

తీరా చూస్తే ఇదీ వరస.

వెనక నెట్టేవాడు లేడు. అటొకరూ ఇటొకరూ దాటుకుంటూ పోయారు. రేసు ముగిసేసరికి శరత్‌కుమార్ చిట్టచివరి వాళ్ళలో ఉన్నాడు.

హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాడు. భుజాలు లాగుతున్నాయి. పెద్దగా కోపం కూడా రాలేదు. వారం వారం కూడబెట్టుకున్న ఒక్క సంతోషమూ పోయిందన్న విసుగు, అంతే. ఆ విసుగులోనే కంప్యూటర్లో లీగు గ్రూపుకు రాశాడు.

"ఏసును నా జట్టులోంచి తీసేయండి. మాట మీద నిలబడే మనిషి కాదు. ఇంకెవరూ చేర్చుకోకండి."

లీగు నడిపే అరుణాచలం వెంటనే జవాబిచ్చాడు. "సరే తంబీ. పేరు కొట్టేసినా."

అప్పుడు మంచం మీదున్న ఫోను తీశాడు. రేసుకు ముందు సైలెంట్‌లో పెట్టి బోర్లా వేసిన ఫోను. నిండా పెద్దమ్మ కూతురు దేవసేన కాల్సే. తిరుత్తణి కొండ మీద చుట్టాల బిడ్డకు చెవులు కుట్టే వేడుకంటే, పొద్దున అమ్మ అలిమేలమ్మ దేవసేనతోనే వెళ్ళింది. వెంటనే తిరిగి ఫోను చేశాడు.

"అన్నా, ఎన్ని తూర్లు చేసేది నీకు? రైల్లో పిన్నికి గుండెనొప్పి వచ్చె. పెద్దాసుపత్రిలో ఉండాం. సీక్కిరం రా."

బండి ఎలా నడిపాడో అతనికే తెలియదు. వార్డులో అమ్మ పడుకుని ఉంది. చేతికి సెలైను, కళ్ళు సగం మూసి. ఊపిరి మాత్రం నెమ్మదిగా ఆడుతోంది.

"ఇంకొంచెం ఆలస్యమయ్యుంటే మా చేతుల్లో ఉండేది కాదు," అన్నాడు డాక్టరు.

"టయానికి ఎట్ల తెస్తివి?" దేవసేనను అడిగాడు శరత్‌కుమార్.

"నేను తెచ్చింది యాడన్నా. కడంబత్తూరులో దింపేస్తిమి. స్టేషన్లో పూలమ్మే అక్క ఆ ఊరి చర్చి ఆంబులెన్సుకు ఫోను చేసె. ఆ డ్రైవరు ఒక్క పిలుపుకే ఎత్తినాడు. చెప్పులు కూడా లేకుండా వచ్చేసినాడు."

"ఏడీ? చేతులెత్తి మొక్కల్ల ఆయనకు."

"ఇంకో పిలుపొచ్చిందని అప్పుడే పోయె."

మాటలు విని అలిమేలమ్మ కళ్ళు తెరిచింది. కొడుకు చెయ్యి పట్టుకుంది.

"మాట్లాడొద్దమ్మా. పడుకో."

"నేను నిద్రపోకుండా దోవంతా ఆ పిల్లోడే మాట్లాడిస్తా వచ్చినాడు రా," అంది సన్నగా. "పావం, రావల్సినాయప్ప రాలేదని తానే లేచొచ్చినాడంట."

"సరే మా."

"నీ మాదిరే కార్ల ఆటంట. ఎవురో అన్నను నడాన వదిలేసి వచ్చేసినాడంట, ఆయన ఇంక తనతో మాట్లాడతాడో లేదో అని ఒకటే దిగులు రా ఆ బిడ్డకు."