ఓరియన్ కప్పు మీది మనిషి

మూతపడ్డ ఓరియన్ థియేటర్ కప్పు మీద మళ్లీ అడుగుల చప్పుడు.

కొరీన్ గొడుగైనా తీసుకోకుండా వానలోకి పరుగెత్తింది. పక్క సందులో ఇనప నిచ్చెన మీంచి గడ్డం ముసలాయన మెల్లగా దిగుతున్నాడు. మోచేతుల దాకా నల్లటి బురద.

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా? పైన ఏం పని నీకు?"

"ఆకులు తూముకి అడ్డం పడతాయమ్మాయ్. నీళ్లు నిలుస్తాయి."

"అది చూసుకోడానికి మావాళ్లున్నారు."

"ఉంటే మంచిదే. ఒక్కడైనా పైకెక్కడం చూడలేదు మరి."

ఆమెకు చుర్రుమంది. అన్నది నిజమే కదా! చందాలు రావాలంటే జనం కంటికి కనబడేది ముందు చెయ్యాలి. అందుకే బయటి పేరుబోర్డుకి దీపాలు, లోపల సీలింగుకి బంగారు పూత. కప్పు సంగతి ప్రారంభోత్సవం అయ్యాక చూద్దామని, థియేటర్ని బాగుచేయించడానికి ఆమె నడిపే కమిటీ తేల్చేసింది.

ఒహాయోలోని ఆ ఊళ్లో మెయిన్ స్ట్రీట్ అంటే ఇప్పుడు వట్టి పార్కింగ్ స్థలం. ముప్పై ఏళ్ల కిందట అభివృద్ధి పేరు చెప్పి అటూ ఇటూ అన్నీ పడగొట్టేశారు. కొరీన్ నాన్న చెప్పుల షాపూ అందులోనే పోయింది. ఆయన మళ్లీ కోలుకోలేదు.

మిగిలింది ఈ ఓరియన్ ఒక్కటే. ఇది తెరుచుకుంటే ఎదురుగా బేకరీ పెడతామని, పక్కన పుస్తకాల షాపు పెడతామని మనుషులు వస్తున్నారు. ఈ ఏడు తెరవకపోతే దీన్నీ కూల్చేస్తామని సిటీ కౌన్సిల్ చెప్పేసింది. ఆ భయంతో ఆమెకు తిండి సయించడం లేదు.

దాతలొచ్చే రోజున ఈ బురద ముసలాయన ఎదురుపడితే ఇంకేమైనా ఉందా? పోలీసులకి చెప్పింది. వాళ్లు మందలించి పంపారు. అయినా మనసు కుదుటపడక నిచ్చెన కింది సగం కోయించేసింది.

ఆయన సందు చివర నిలబడి అంతా చూశాడు.

"గట్టి వాన పడితే పిలువమ్మాయ్," అన్నాడు.

ఆమె పిలవలేదు.

గురువారం పట్టిన వాన శనివారానికీ వదల్లేదు. పొద్దున సీలింగు మీద, బంగారు పూల మధ్య, పళ్లెమంత మరక కనిపించింది. మధ్యాహ్నానికి అక్కడ పొట్టలా ఉబ్బింది. కొరీన్ పనివాళ్లని బయటికి తరిమిందో లేదో, సగం సీలింగు కుర్చీల మీద కూలింది.

ముసలాయన మాట గుర్తొచ్చి ఆమె సందులోకి నడిచింది.

కోసేసిన నిచ్చెన కింద చెత్తడబ్బా బోర్లించి ఉంది. పక్కనే ముసలాయన పడి ఉన్నాడు. ఒళ్లు అప్పటికే చల్లబడిపోయింది.

వీధి చివర మంగలి వాల్ట్ వచ్చి, టోపీ తీసి నిలబడ్డాడు. ఏళ్ల తరబడి వాన పడ్డప్పుడల్లా ఈయనే తూములు శుభ్రం చేశాడనీ, లేకపోతే ఓరియన్ ఎప్పుడో నేలకొరిగేదనీ చెప్పాడు. తన పేరు ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడట.

"ఎవరు వాల్ట్ ఈయన?"

వాల్ట్ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

"ఎల్వుడ్ గార్నెట్. మీ నాన్న షాపు మీదికి బుల్‌డోజర్ పంపిన మేయరు."